దిగి ఉండిపోయిన గీత

పూజ అయి వారం కావస్తున్నా గీత పైకి లేవలేదు.

చూడామణి పొద్దున రాగానే సంచి కుర్చీకి తగిలించి, రికార్డరు అద్దం తలుపు తీసి, పెన్నులో సిరా ఉందో లేదో చూసి, ఆ తర్వాతే గీత వైపు చూసేది. గళ్ళ కాగితం ఒక చుట్ట నుంచి ఇంకో చుట్టకి మెల్లగా జరుగుతూ ఉంటుంది. బట్టీ నోటి దగ్గర పొగ ఎంత వేడిగా ఉందో ఎర్ర సిరా పెన్ను దాని మీద గీస్తూ ఉంటుంది. వేడి పెరిగితే గీత పైకి పోతుంది, తగ్గితే కిందికి వస్తుంది. దసరాకి ముందు ఆ గీత కాగితం పైభాగంలో, కొంచెం అటూ ఇటూ ఊగుతూ, దండెం తాడులా సాగేది. ఇప్పుడు రెండు వేళ్ళ వెడల్పు కిందుగా సాగుతోంది. ఊగడం అలాగే ఉంది. చోటే మారింది.

కాగితం చూడకపోయినా ఆ సంగతి తెలుస్తుంది. చిల్లకల్లులో బస్సు దిగి, రోడ్డు వదిలి ఫ్యాక్టరీ దారి పట్టగానే బట్టీ కింద గుట్టపోసిన క్లింకరు కనిపిస్తుంది. నల్లగా, రాయిలా ఉండాల్సింది మురికి పసుపు రంగులో ఉంది. చెప్పుకాలితో తొక్కితే పొడయిపోతోంది. సగం కాలి, సగం పచ్చిగా దిగిన సరుకు. దాన్ని సిమెంటుగా పొడికొట్టే మరలో వెయ్యడానికి లేదు. పారబొయ్యడానికి మనసొప్పదు. అందుకని గోడవారగా గుట్ట పెరుగుతోంది.

అది చిన్న సిమెంటు ఫ్యాక్టరీ. తిరుపతిరావుగారు తన మెట్టచేలో కట్టించి అప్పటికి రెండో దసరా. ఒక్కటే నిలువు బట్టీ. సున్నపురాయి పొడి, బొగ్గు పొడి కలిపి, ఏటవాలుగా తిరిగే పెద్ద ఇనుప పళ్ళెం మీద పోస్తారు. పైనుంచి నీటి జల్లు పడుతుంది. పొడి తడిసి, దొర్లి దొర్లి, రేగుపళ్ళంత ఉండలై బట్టీలోకి జారుతుంది. కింది నుంచి బ్లోయరు గాలి కొడుతుంది. ఆ గాలికి ఉండల్లో బొగ్గు రాజుకుని, రాయి కాలి, క్లింకరు అడుగుకి దిగుతుంది. చూడామణి పాలిటెక్నిక్ డిప్లొమా పూర్తి చేసి, మీటర్లు, రికార్డరు చూసుకునే ట్రైనీగా వేసవిలో చేరింది. మాట తక్కువ మనిషి. చేరిన కొత్తలో ఎక్కువసేపు పళ్ళెం దగ్గరే నిలబడి చూసేది.

పళ్ళెం మీద పనిచేసేది కృపారావు. నలభై దాటిన మనిషి. తలకి తువ్వాలు చుట్టుకుని, దొర్లుతున్న వాటిలోంచి ఒక ఉండ తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కేవాడు. ఎక్కడ పగలకుండా ఆగుతుందో అక్కడ జల్లు కుళాయి ఆపేవాడు. ఆ తర్వాత చర్చి పాటల పుస్తకంలోని పాట ఏదో సన్నగా కూనిరాగం తీస్తూ నిలబడేవాడు. టీ వేళకి ఆఫీసు గది గుమ్మం దాకా వచ్చేవాడు. టీ పోసే ఆదెమ్మ అందరికీ ట్రేలో గ్లాసులు అందించి, అతనికి మాత్రం కిటికీ అంచున బోర్లించి ఉండే గ్లాసు తీసి పోసేది. తాగి, కుళాయి దగ్గర కడిగి, తనే మళ్ళీ కిటికీలో బోర్లించి వెళ్ళేవాడు. అలా ఉండాలని ఎవరూ చెప్పగా చూడామణి వినలేదు. ఎందుకని ఎవరూ అడగగానూ వినలేదు. ఆమె కూడా అడగలేదు.

పూజ రోజున బ్లోయరు ఆపి, యంత్రాలన్నీ కడిగారు. తిరుపతిరావుగారి తల్లి రాఘవమ్మగారు ఇత్తడి తట్టలో పసుపు, కుంకుమ, పూలు పెట్టుకుని వచ్చి ఒక్కొక్క యంత్రానికీ బొట్టు పెట్టుకుంటూ నడిచారు. బ్లోయరంటే ఆవిడకి ప్రత్యేకమైన ఆపేక్ష. దానికి బంతిపూల దండ వేసి, ఎర్ర రవికెల గుడ్డ కట్టి, ముత్తైదువకి పెట్టినట్టు పండూ తాంబూలం పెట్టారు. కృపారావు లోపలికి రాలేదు. షెడ్డు బయట చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

పూజ అయ్యాక బట్టీ మళ్ళీ ఎగదోశారు. అప్పుడు పళ్ళెం మీది జల్లు గొట్టం రంధ్రాల్లో ఏదో అడ్డుపడి నీళ్ళు రాలేదు. పొడి పొడిగానే బట్టీలోకి పోతోందని కృపారావు కంగారుపడి, పక్కనున్న బకెట్టెత్తి నీళ్ళు ఒక్కసారిగా పళ్ళెం మీద కుమ్మరించాడు. ఉండలకి బదులు బురద జారింది. సరిగ్గా అప్పుడే ఇంజనీరు ఉమాకాంతంగారు మెట్లెక్కి వచ్చాడు. ఆ సాయంత్రం నుంచే గీత దిగింది.

బట్టీ కడుపులో నీళ్ళు పోశాడు, లోపల గడ్డ కట్టింది, ఇక అది తేరుకోదు అన్నారు. ఆ మాట ఎవరు ముందు అన్నారో గాని రెండో రోజుకి అందరి నోటా అదే. పూజలో నిలబడని మనిషి చెయ్యి పడిందని ఇంకో మాట కూడా నడిచింది. అది గొంతు తగ్గించి అనుకునేవాళ్ళు. ఉమాకాంతంగారు కృపారావుని పళ్ళెం మీంచి తీసి రాళ్ళ యార్డుకి పంపాడు. అక్కడ లారీలోంచి దించిన సున్నపురాయిని గంపకెత్తి మొయ్యాలి. తిరుపతిరావుగారు లైసెన్సు పని మీద హైదరాబాదులో ఉన్నారు. సోమవారం వస్తారు. వచ్చాక అతన్ని పనిలోంచే తీసెయ్యమని చెప్తానని ఉమాకాంతంగారు అందరి ముందూ అన్నాడు. పళ్ళెం మీదికి ఇంకో పనివాడు బుల్లిబాబు వచ్చాడు. జల్లు గొట్టం విప్పి శుభ్రం చేశారు. ఉండలు బాగానే వస్తున్నాయి. గీత మాత్రం లేవలేదు.

చూడామణి మధ్యాహ్నం యార్డు మీదుగా నడిచినప్పుడు కృపారావు గంప దించి నుదురు తుడుచుకుంటూ ఒకే మాట అడిగేవాడు.

“లేచిందాండీ?”

లేదని తల ఊపేది. అతను గంప మళ్ళీ ఎత్తుకునేవాడు.

*

చూడామణి ఉండేది నందిగామలో, తల్లి లలితాంబతో. రోజూ ఎర్రబస్సులో చిల్లకల్లుకి వచ్చేది. ఆ బుధవారం ముందు సీటు దొరికింది. డ్రైవరు అద్దానికి నిమ్మకాయా మిరపకాయలూ గుచ్చి వేలాడదీశాడు. వానలకి రోడ్డు గుంటలు పడింది. అంబారుపేట దాటాక చక్రం ఒక గుంటలో పడి బస్సంతా ఎగిరింది. వెనకసీట్లో ఎవరి టిఫిను డబ్బానో దొర్లింది. నిమ్మకాయ అద్దానికి కొట్టుకుని, ఊగి, ఊగి, మళ్ళీ నిటారుగా వేలాడింది. బస్సు కూడా అంతే. నాలుగు ఊపులు ఊగి ఎప్పటిలాగే పోతోంది.

గౌరవరం దగ్గర పత్తిచేల కలుపుకి పోయే ఆడకూలీలు గుంపుగా ఎక్కారు. అందరికన్నా ముందు పున్నమ్మ అనే ముసలావిడ. మెట్టు అందడం లేదని కండక్టరు మీద విసుక్కుంది. లోపలి వాళ్ళు చెయ్యిచ్చి లాగాల్సి వచ్చింది. తర్వాత వాళ్ళు ఒకరి వెనక ఒకరు ఎక్కుతుంటే చూడామణి కిటికీలోంచి మెట్టు వైపే చూస్తోంది. చివర ఎక్కిన మనిషి పున్నమ్మ కంటే పొట్టిది. చంకలో మూట కూడా ఉంది. ఎవరూ చెయ్యివ్వకుండానే ఎక్కేసింది.

“నాకు ఎత్తు, దానికి పల్లమా? ఈ బస్సుకి కూడా పక్షపాతమేనే,” అంది పున్నమ్మ లోపలినుంచి. అందరూ నవ్వారు.

చూడామణి కూడా నవ్వి, మరుక్షణం నవ్వు ఆపేసింది. బస్సు కుంగింది. ఇంతమంది ఎక్కితే కుంగదా మరి. గుంటలో పడినప్పుడు ఎగిరి, ఊగి, పాత ఎత్తుకే వచ్చింది. ఇప్పుడు కుంగింది కుంగినట్టే పోతోంది. వీళ్ళు దిగేదాకా ఇలాగే ఉంటుంది.

పాలిటెక్నిక్ పుస్తకంలో ఈ రెండు బొమ్మలూ పక్కపక్కనే ఉండేవి. ఒకటి ఇంపల్స్. నేల మీద నుంచి సూదిలా ఒక్క గీత లేచి, వెంటనే పడిపోతుంది. ఒక దెబ్బ కొట్టి చెయ్యి తీసేసినట్టు. రెండోది స్టెప్. గీత ఒక మెట్టెక్కి అక్కడే ఉండిపోతుంది. బరువు పెట్టి వదిలేసినట్టు. ఒక యంత్రానికి వచ్చిన కుదుపు ఈ రెంటిలో ఏ తీరుదో ముందు చూడమని పుస్తకం చెప్పింది. దెబ్బ అయితే యంత్రం ఊగి తన చోటికి తను వస్తుంది. బరువైతే కొత్తచోట కుదురుకుంటుంది. అప్పుడు ఆమె ఆ పేజీ బట్టీపట్టి పరీక్ష రాసింది. దానికి అర్థం పున్నమ్మ మెట్టు దగ్గర ఉందని అనుకోలేదు.

బకెట్టు నీళ్ళు దెబ్బే. పొయ్యడం, అయిపోవడం. ఆ బురద కాలో మాడో ఏనాడో అడుగుకి దిగిపోయి ఉంటుంది. గీత ఊగి పైకి రావాలి. రాలేదంటే అదే రోజు ఇంకేదో ఎక్కి కూర్చుంది. ఎక్కిన వాళ్ళు ఇంకా దిగలేదు.

చిల్లకల్లులో దిగాల్సింది మర్చిపోయి కూర్చుంటే, రోజూ చూసే మొహం కాబట్టి కండక్టరే పిలిచి దింపాడు.

*

ఉమాకాంతంగారితో ఆ మాట చెప్పడానికి ఆమెకి మధ్యాహ్నం దాకా పట్టింది. ఆయన చెడ్డవాడు కాదు. పచ్చి క్లింకరు గుట్ట చూసినప్పుడల్లా ఆయన మెడ వెనక చెయ్యి వేసుకుని రుద్దుకునేవాడు. యజమాని వచ్చేలోగా ఏదో ఒక కారణం చేతిలో ఉండాలి. ఉన్న కారణం కృపారావు. చూడామణి చెప్పింది విని ఆయన మొదట నవ్వాడు. ఇంపల్సు, స్టెప్పు తనూ చదివానని, పరీక్ష హాలు గుమ్మం దాటగానే అక్కడే వదిలేశానని అన్నాడు. బస్సు సంగతి చెప్పినప్పుడు నవ్వడం మానేసి, కాగితం మీద తనే ఆ రెండు బొమ్మలూ గీసుకుని చూసుకున్నాడు.

“బట్టీ బస్సు కాదమ్మాయ్. లోపల గడ్డ కడితే?”

“కట్టిందో లేదో చూడొచ్చండి. మళ్ళీ ఒక బకెట్టు పోసి.”

చెప్పాక తన గొంతు తనకే పెద్దగా వినిపించింది. ఆయన కాగితం మీది బొమ్మల వైపు మళ్ళీ చూశాడు. మెడ రుద్దుకున్నాడు. ఎలాగూ పచ్చి సరుకే దిగుతోంది కదా, ఒక బకెట్టుకి కొత్తగా పోయేదేముందని చివరికి తనలో తను అనుకున్నట్టు అన్నాడు. పోస్తే కృపారావే పొయ్యాలని, అప్పుడు ఎంత పోశాడో ఎలా పోశాడో అతనికే తెలుసని అన్నాడు.

గురువారం పొద్దున యార్డు నుంచి కృపారావుని పిలిపించారు. చేతులు రాతిపొడితో తెల్లగా ఉన్నాయి. సంగతి విని మెట్ల కిందే నిలబడిపోయాడు. ఉమాకాంతంగారి వైపు చూడలేదు. చూడామణి వైపు చూశాడు.

“అమ్మాయిగారూ, మొన్న తెలియక పోశా. ఇయ్యాల అందరి ముందూ తెలిసి పొయ్యమంటున్నారు. ఇది లేవకపోతే నేను సోమవారం దాకా ఆగక్కర్లా. ఇటునుంచి ఇటే ఇంటికి పోతా.”

చూడామణి తప్పకుండా లేస్తుందని అనబోయి ఆగింది. గీత లేవదు కూడా, ఇప్పుడున్న చోటికి మాత్రమే తిరిగి వస్తుంది. ఆ ముక్కే చెప్పింది. బస్సు కుంగి పోతున్నప్పుడు గుంటలో పడితే ఎగిరి మళ్ళీ ఆ కుంగిన చోటికే వస్తుందని చెప్పింది. కృపారావు ఆ మాటని నోట్లో వేసుకుని నమిలినట్టు కాసేపు ఆగి, తలకి తువ్వాలు బిగించి మెట్లెక్కాడు.

బకెట్టు నింపి, అదే చేత్తో, అదే వైపు నుంచి కుమ్మరించాడు. పళ్ళెం మీద పొడి ముద్దయి, పాయలు పాయలుగా జారి బట్టీలో పడింది. బుస్సుమని తెల్లటి ఆవిరి లేచింది. బుల్లిబాబు రెండడుగులు వెనక్కి వేశాడు.

అందరూ రికార్డరు ఉన్న ఆఫీసు గదిలోకి వచ్చారు. గీత కాసేపు ఏమీ తెలియనట్టే సాగింది. తర్వాత కిందికి వంగింది. వంగి, వంగి, కాగితం అడుగు గళ్ళలోకి పోయింది. కృపారావు గుమ్మం బయటే నిలబడి లోపలికి తొంగిచూస్తున్నాడు. ఆదెమ్మ టీ తెచ్చింది. ట్రే గదిలో తిప్పి, కిటికీలోని గ్లాసు తీసి అతనికి పోసింది. అతను గ్లాసు పట్టుకున్నాడు గాని తాగలేదు.

గీత అడుగున నిలబడింది. మెల్లగా తల ఎత్తింది. పాత చోటు దాటి రవ్వంత పైకి కూడా పోయి, దిగి, అటూ ఇటూ ఊగి, పొద్దున ఏ గడిలో ఉందో ఆ గడిలో కుదురుకుంది. ఉమాకాంతంగారు కాగితం మీద గోరుతో గీసి చూశాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

“సరే. బకెట్టు కాదు,” అన్నాడాయన. కృపారావు చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగి, గ్లాసు కడిగి కిటికీలో బోర్లించి, ఎవరూ చెప్పకపోయినా మళ్ళీ యార్డు వైపే నడిచాడు.

అతన్ని తిరిగి పళ్ళెం మీదికి పంపమని చూడామణి అడిగింది. అసలు కారణం చేతికి రాందే యజమానికి ఏమని చెప్పనని ఆయన అన్నాడు. అది కాదని చెప్తే మరేంటని అడుగుతారు. ఆ రోజు వచ్చి ఇంకా పోనిదేమిటో వెతకాలి. ఇద్దరూ తిరిగారు. బొగ్గు పాత కుప్పలోదే. రాయి ఎప్పటి క్వారీదే. పొడి పాళ్ళు మారలేదు. బ్లోయరు తిరుగుతోంది, బెల్టు బిగువుగానే ఉంది. దాని గాలి ఒత్తిడి చూపే మీటరు మాత్రం వేసవిలో పగిలింది, కొత్తది ఇంకా రాలేదు. ఉమాకాంతంగారు బ్లోయరు చుట్టూ చూసి, వాడిన బంతిదండని వేళ్ళతో తాకి కళ్ళకద్దుకుని బయటికి వచ్చాడు. చూడామణి కూడా ఆయన వెనకే కళ్ళకద్దుకుంది.

*

ఆ సాయంత్రం ఇల్లు చేరేసరికి వంటింట్లో పొగ. కిరసనాయిలు దొరక్క లలితాంబ కుంపటి వెలిగించింది. బయట చినుకులని, ఉతికిన చీర మడతేసి వంటింటి కిటికీకి కట్టింది. బొగ్గులు ఎర్రబడకుండా బూడిద కమ్ముకున్నాయి. తల్లి విసనకర్రతో విసురుతోంది. విసిరినంతసేపు ఎర్రబడటం, చెయ్యి ఆపగానే మళ్ళీ నల్లబడటం. చూడామణి దగ్గర కూర్చుని, అవి అలా వెలిగి ఆరడాన్ని చూస్తూ, ఇది దెబ్బ అనుకుంది.

లలితాంబ విసనకర్ర పడేసి లేచింది. “గాలి లేందే ఏం రాజుకుంటుందే, నా పిచ్చిగానీ,” అంటూ కిటికీకి కట్టిన చీర లాగేసింది. చిత్తడి గాలి లోపలికి వచ్చింది. కాసేపటికి బొగ్గులు వాటంతట అవే ఎర్రబడి, అలాగే ఉన్నాయి.

చూడామణి తల్లి చేతిలోని చీర వైపు చూస్తూ కూర్చుంది. బ్లోయరు గాలి పీల్చే గొట్టం గోడవైపు తిరిగి ఉంటుంది. దాని నోటికి ఇనుప జల్లెడ ఉంటుంది. బంతిదండ కింద ఎర్రగుడ్డ ముడి ముందుకి కనిపిస్తుంది. ముడి మాత్రమే. మిగతా గుడ్డ ఎక్కడుంది?

అన్నం తింటున్నంతసేపూ ఆమె ఏమీ మాట్లాడలేదు. ఎప్పుడూ మాట్లాడదు కాబట్టి తల్లి పట్టించుకోలేదు.

శుక్రవారం పొద్దున ఫ్యాక్టరీకి చేరగానే బ్లోయరు షెడ్డులోకి పోయి, గోడకీ గొట్టానికీ మధ్య చెయ్యి దూర్చింది. రవికెల గుడ్డ మొత్తం జల్లెడకి అతుక్కుపోయి ఉంది. పసుపుతో తడిసి ఆరిన గుడ్డ, దాని మీద బొగ్గుపొడి, అట్టలా తయారైంది. చుట్టూ కొంచెం సందులోంచే గాలి ఈలవేస్తూ పోతోంది. రోజూ అందరూ ఈ దారినే నడిచారు. ముడి చూశారు, దండం పెట్టుకున్నారు. పూజగుడ్డ ఎలా ఉండాలో అలాగే ఉంది కాబట్టి ఎవరి కన్నూ దాని మీద ఆగలేదు. తన కన్ను కూడా.

ఉమాకాంతంగారితో చెప్తే ఆయన మొహం వెలిగి, వెంటనే ఆరిపోయింది. అది అమ్మగారు కట్టింది. ఆవిడ చేతులతో కట్టినదాన్ని తను విప్పి, దీనివల్లే బట్టీ పాడైందని ఆవిడ కొడుకుతో ఎలా చెప్పడం? సోమవారం ఆయన్నే తెచ్చి చూపిద్దామన్నాడు. అప్పటిదాకా ఊరుకుందామన్నాడు. సోమవారం మొదట ఏ మాట లేస్తుందో, రాళ్ళ యార్డులో ఉన్న మనిషి ఏమవుతాడో చూడామణికి తెలుసు. ఆయనకి ఎదురు చెప్పలేదు. వెళ్ళి బ్లోయరు షెడ్డు గుమ్మంలో నిలబడింది. ఆ రోజు శుక్రవారం. రాఘవమ్మగారు వచ్చి అగరొత్తులు వెలిగించే రోజు.

రాఘవమ్మగారు రిక్షా దిగి, ఆయాసపడుతూ, పూలబుట్టతో వచ్చారు. తోవకి అడ్డంగా నిలబడ్డ పిల్లని చూసి ఏమిటన్నట్టు తల ఎగరేశారు. చూడామణి పొద్దుటినుంచీ కూడబలుక్కున్న మాటలేవీ నోటికి రాలేదు.

“మామ్మగారూ, నిన్న మా అమ్మ కిటికీకి చీర కట్టిందండి. కుంపటి రాజుకోలేదు,” అంది.

“అయితే?”

“చీర తీసేస్తే రాజుకుందండి.”

రాఘవమ్మగారు ఆమె మొహంలోకి చూశారు. ఆమె చూపు ఎటు పోతోందో అటు చూశారు. బుట్ట కింద పెట్టి, చెంగు నడుముకి దోపి, గొట్టం వెనక్కి చెయ్యి పోనిచ్చారు. తడిమారు. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

“ఓసి నా తల్లీ. దీని ముక్కు మూశానా నేను?”

షెడ్డు బయట నిలబడ్డ ఉమాకాంతంగారు గోడ చాటుకి జరిగాడు. ఆవిడ చెయ్యి బయటికి తీసి, నల్లబడ్డ వేళ్ళని చూసుకుంటూ కాసేపు నిలబడ్డారు. తర్వాత మెల్లగా నవ్వు మొదలైంది. భుజాలు కదిలేలా నవ్వారు.

“పూజ చేశాం. ఉద్వాసన చెప్పడం మరిచాం. పెట్టినవాళ్ళం తియ్యొద్దూ? ఇంట్లో కలశమైతే మర్నాడే కదుపుతాం. ఇక్కడ కట్టేసి, నా దారిన నేను పోయా. ఇంజనీరుగారూ, బయట నక్కారేం, దీన్ని కాసేపు ఆపండి.”

బ్లోయరు ఆపారు. ఆవిడ అక్షతలు వేసి, దండని ఒకసారి ఉత్తరంవైపు కదిపి, దండం పెట్టుకుని తీశారు. ముడి విప్పి గుడ్డ లాగితే, చర్రుమని జల్లెడ నుంచి ఊడి వచ్చింది. ఎర్రగుడ్డ మీద జల్లెడ గళ్ళు నల్లగా, వరసగా అచ్చుపడ్డాయి. రికార్డరు కాగితంలా ఉందని చూడామణి అనుకుంది. ఆవిడ దాన్ని మడిచి బుట్టలో పెట్టుకుని, వచ్చే ఏడు ఈ తల్లికి బొట్టు ఎక్కడ పెట్టాలో ఈ పిల్లే చూపించాలని ఉమాకాంతంగారితో చెప్పారు.

మళ్ళీ వేసినప్పుడు బ్లోయరు గొంతే మారింది. ఈల పోయి, నిండుగా హోరుమంది.

*

గీత ఒక్కసారిగా లేవలేదు. మధ్యాహ్నానికి వంపు తిరిగి, సాయంత్రానికి దసరా ముందున్న గడి చేరి, అక్కడ ఊగుతూ కుదురుకుంది. ఈలోగా రాఘవమ్మగారు కుర్చీ వేయించుకుని కూర్చుని, అసలు ఇన్నాళ్ళూ ఏం జరిగిందో మొదటినుంచీ చెప్పించుకున్నారు. బకెట్టు మాట దగ్గర ఆపి, ఆ మనిషి ఇప్పుడెక్కడున్నాడని అడిగారు. రాళ్ళు మోస్తున్నాడని విని ఉమాకాంతంగారి వైపు చూశారు. ఆయన ఆదెమ్మని పంపకుండా తనే యార్డుకి నడిచాడు.

కృపారావు వచ్చి, ఎప్పటిలాగే గుమ్మంలో ఆగాడు. రికార్డరు వైపు దూరం నుంచే చూశాడు. అడగలేదు. చూడామణి కూడా ఈసారి తల ఊపలేదు. పక్కకి జరిగి, గీత కనిపించేలా నిలబడింది. అతను చూస్తూ చూస్తూ తలకున్న తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

ఆదెమ్మ టీ ట్రే తెచ్చింది. ఉమాకాంతంగారు ట్రేలోంచి ఒక గ్లాసు తీసి, దాన్ని తను తాగకుండా గుమ్మం దాకా వెళ్ళి కృపారావు చేతికిచ్చాడు.

“తప్పు నాది. రేపట్నుంచి పళ్ళెం మీదికి వచ్చెయ్,” అన్నాడు.

కృపారావు గ్లాసు వైపు చూసి, కిటికీ వైపు చూసి, తాగాడు. రాఘవమ్మగారు తన టీ ఊదుకుంటున్నారు.

ఆ రాత్రి బస్సులో చూడామణికి గీత కన్నా ఆ గ్లాసే ఎక్కువగా గుర్తొచ్చింది. ఇది దెబ్బో బరువో ఇంకా తెలియదనుకుంది.

శనివారం కృపారావు పళ్ళెం మీద పాట పాడుకుంటూ ఉండల్ని నొక్కాడు. టీకి రాలేదు, జల్లు గొట్టం పనిలో ఉన్నాడు. సోమవారం తిరుపతిరావుగారు వచ్చారు. తల్లి ఇంటిదగ్గరే అంతా చెప్పి పంపినట్టుంది. నల్లటి క్లింకరు చేతిలోకి తీసుకుని చూసి, పగిలిన మీటరు బదులు కొత్తది ఆ రోజే తెప్పించమని, పచ్చి గుట్టని కొంచెం కొంచెంగా కొత్త పొడిలో కలపమని చెప్పి, కృపారావు భుజం తట్టి వెళ్ళిపోయారు. ఆ తర్వాత టీ వచ్చింది. ఆదెమ్మ ట్రే తిప్పింది. తిప్పి, ఎప్పటి అలవాటు కొద్దీ కిటికీలోని గ్లాసు తీసి, అందులో పోసి గుమ్మంలో ఉన్న కృపారావుకి ఇచ్చింది. అతను తీసుకున్నాడు. ఉమాకాంతంగారు తలెత్తి చూసి, ఏదో అనబోయి, కాగితాల్లోకి తల దించుకున్నాడు. కృపారావు గ్లాసు కడిగి కిటికీలో బోర్లించి వెళ్ళాడు.

అందరూ వెళ్ళాక చూడామణి కిటికీ దగ్గరికి వెళ్ళింది. గ్లాసు తీసింది. మామూలు గాజు గ్లాసు, అంచున చిన్న పెచ్చు ఊడింది. రికార్డరు పెన్నులు ఎప్పుడూ సొరుగులో దొర్లి ములుకులు వంగిపోతుంటాయి. వాటన్నిటినీ తీసి ములుకులు పైకి ఉండేలా గ్లాసులో నిలబెట్టింది. సిరా సీసా మూత బిగిస్తుంటే రెండు ఎర్రచుక్కలు గ్లాసు అడుగున పడ్డాయి. తుడవలేదు. గ్లాసుని రికార్డరు పక్కన, బల్ల మీద పెట్టింది.

మర్నాడు టీ వేళకి ఆదెమ్మ కిటికీ వైపు చెయ్యి చాపి ఆగిపోయింది. గదంతా చూసింది. బల్ల మీద పెన్నులతో, అడుగున ఎర్రసిరాతో గ్లాసు కనిపించింది. చూడామణి కాగితం చుట్ట మారుస్తూ తల ఎత్తలేదు. ఉమాకాంతంగారు జేబులోంచి తన పెన్సిలు తీసి, చెవి మీద పెట్టుకోబోయి, చెయ్యి చాపి ఆ గ్లాసులో వేశాడు.

ఆదెమ్మ లోపలికి పోయి ఇంకో గ్లాసు తెచ్చి ట్రేలో పెట్టింది.

కృపారావు తన టీ అందుకుని, గుమ్మంలోంచి ఒక అడుగు లోపలికి వచ్చి, బల్ల వైపు చూశాడు.

“నా గ్లాసుకి ఆఫీసులో ఉద్యోగం దొరికినట్టుందే,” అన్నాడు.

“పర్మనెంటే,” అంది చూడామణి.

ఆమె అంత తొందరగా జవాబు చెప్పడం ఆ గదిలో ఎవరూ ఎప్పుడూ వినలేదు. వారం గడిచింది, ఇంకో వారం కూడా గడిచింది. ఆమె పొద్దున రాగానే గీత చూసేది, టీ వేళకి ట్రే చూసేది. రెండూ ఉన్నచోటే ఉన్నాయి.